ఆలన్ ట్యూరింగు చరిత్రము : యంత్రమునకు నమ్మిక కలదా?

మహనీయుల చరిత్రములను చదివి మంచిచెడ్డలు విచారించుట గ్రంథాలయ ప్రయోజనములలో ముఖ్యమైనది. ఈ రజతోత్సవ సంచికకు ఒక జీవితచరిత్రము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. మన ప్రాంతపు కవులను, దేశభక్తులను గూర్చి వ్రాయుటకు నాకంటె సమర్థులు పలువురు కలరు. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. కావున లెక్కలు వ్రాయువాని మనస్సును పరిశీలించి, అందుండి నేటి కంప్యూటరునకు మూలమైన భావమును గ్రహించిన ఆంగ్లేయ గణితశాస్త్రజ్ఞుడు ఆలన్ మాథిసన్ ట్యూరింగు చరిత్రమును ఎన్నుకొంటిని.

చరిత్రమునకు ముందు ఒక చిన్న ప్రశ్న. చిట్టాలో ఒక రైతు నూఱు రూపాయలు బాకీయని వ్రాసియున్నది. చిట్టా వ్రాసినవాడును అట్లే నమ్ముచున్నాడు. మఱి చిట్టా కూడ నమ్ముచున్నదా? నమ్మదని పసివాడైనను చెప్పును. అయినను చిట్టాలోని అక్షరము స్థిరముగా నున్నది. మనుష్యుడు మరచిపోవచ్చును గాని చిట్టా మరవదు. అట్లయిన మనుష్యుని నమ్మికకును, పుస్తకమునందలి పద్దునకును గల భేద మేమి? చూచుటకు తేలికగా నున్న ఈ ప్రశ్నయే ట్యూరింగు జీవితమంతట ఏదో యొక రూపమున కనబడుచుండును.

ఆయన పరదేశీయుడే గాని మన జిల్లాతో సంబంధము లేనివాడు కాడు. తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగు చెన్నపురి రాజధానిలో సివిలు సర్వీసు ఉద్యోగి. తల్లి ఎథెల్ సారా మన దక్షిణదేశముననే, కోయంబత్తూరు చెంతనున్న పోదనూరున జన్మించినది. మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరుగా నుండిన ఎడ్వర్డు వాలర్ స్టోనీ కుమార్తె. 1907లో వారికి వివాహమైనది. మఱుసటి యేడు కూనూరున పెద్దకుమారుడు జాన్ కలిగెను. ఉద్యోగరీత్యా ఆ దంపతులు పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు పట్టణములు తిరిగి, 1911 మార్చి నాటికి ఛత్రపురము చేరిరి. ఆ దినములలో పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపుర ప్రాంతములన్నియు గంజాము జిల్లాలోనివే. బరంపురము దాటిన పిమ్మట వచ్చు ఛత్రపురము ఆ జిల్లాకు ముఖ్యస్థానము. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మన తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. ఛత్రపురమున నున్నప్పుడే ఎథెల్ సారా రెండవమారు గర్భవతియై స్వదేశమునకు పోయెను. 1912 జూను 23వ తేదీన లండను నగరమున ఆలన్ జన్మించెను.

తల్లిదండ్రులు మరల మన దేశమునకు రాగా, బిడ్డ లిరువురును హేస్టింగ్సు చెంత సముద్రతీరమున ఒక విశ్రాంత సైనికోద్యోగి యింట పెరిగిరి. పొట్టకూటికై దూరదేశములకు పోయి, పిల్లలను పెద్దలయొద్ద విడుచుటలోని దుఃఖ మెట్టిదో మన ఉద్దానము వారికి వేఱుగ చెప్పనక్కరలేదు.

1926లో షెర్బర్ను అను ఊరి పాఠశాలలో చేరవలసిన దినమున దేశమంతట సమ్మె సాగుచుండెను, రైళ్లు నిలిచిపోయెను. పదునాలుగేండ్లయినను నిండని ఆలన్ సౌతాంప్టను రేవు నుండి అఱువది మైళ్లు సైకిలు త్రొక్కికొని పాఠశాల చేరెను. ఆ పాఠశాలలో క్రిస్టఫర్ మోర్కం అను సహాధ్యాయి ఆయనకు ప్రాణమిత్రు డాయెను. గణితము, నక్షత్రములు, రసాయనములు, అన్నియు వారిరువురును కలిసి ముచ్చటించుకొనెడివారు. 1930 ఫిబ్రవరి 13వ తేదీన క్రిస్టఫర్ క్షయవ్యాధిచే మరణించెను. ఆ దుఃఖమున ఆలన్ మిత్రుని తల్లికి జాబులు వ్రాయుచు, ఆత్మస్వభావమును గూర్చి ఒక చిన్న వ్యాసము కూడ వ్రాసి యిచ్చెను. దేహము ఆత్మను పట్టియుంచు సాధన మనియు, దేహము నశించినప్పుడు ఆత్మ త్వరగానో ఆలస్యముగానో వేఱొక దేహమును చేరుననియు అందలి భావము. గీత చదివిన మనకు ఈ మాట క్రొత్త కాదు. గణితము తప్ప అన్యమెఱుగని యువకుడు దుఃఖమున స్వయముగా ఆ తలంపునకు వచ్చుట ఆశ్చర్యము. పిమ్మట ఆయన ఆత్మను గూర్చి అట్లు మాటలాడుట మానెను. అయినను దేహమను యంత్రమునకును మనస్సునకును గల సంబంధమేమను ప్రశ్న మాత్రము ఆయనను విడువలేదు.

కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాలలో చదివి, 1935లో ఇరువదిరెండేండ్ల ప్రాయమున ఆయన అచ్చటనే ఫెలో యయ్యెను. మఱుసటి యేడు, అనగా 1936లో, ఆయన పేరు నిలిపిన వ్యాసము వెలువడినది. ఆ కాలమున కంప్యూటరను ఆంగ్లపదమునకు యంత్రమని యర్థము లేదు. కూర్చుండి లెక్కలు వేయు మనుష్యుడని యర్థము. మన మాటలో గణకుడు. ట్యూరింగు అట్టి గణకుని పనిని చిన్నచిన్న మెట్లుగా విభజించెను. గణకుని యెదుట గళ్లు గీచిన కాగిత మున్నది. ఒక్క చూపున అతడు కొద్ది గుర్తులనే చూడగలడు. చూచిన గుర్తును బట్టియు, అప్పటి తన మనఃస్థితిని బట్టియు ఒక గుర్తు వ్రాయును, లేదా చెరపును; ప్రక్క గడికి పోవును; మనఃస్థితిని మార్చుకొనును. ఇంతకు మించి లెక్కలో మఱేమియు లేదు. ఈ మాత్రము పని ఒక యంత్రముచే చేయింపవచ్చును గదా యని ఆయన తలంచెను. కొలదిపాటి స్థితులును, పొడవైన కాగితపు పట్టీయును గల ఆ ఊహాయంత్రమునకు నేడు ట్యూరింగు యంత్రమని పేరు. ఏ యంత్రపు విధానమును వ్రాసి యిచ్చినను దానిని చదివి అట్లే నడచు సర్వసమర్థమైన యంత్రమొకటి యుండగలదనియు ఆయన చూపెను. ఒకే ఫోను లెక్కయు చేసి, పాటయు పాడి, ఉత్తరమును పంపుట ఈ భావము యొక్క ఫలమే.

ఆ వ్యాసములో నాకు మిక్కిలి నచ్చిన చిన్నమాట యొకటి కలదు. మనఃస్థితి యనుమాట కొందఱకు గహనముగా తోచునేమో యని ఆయన దానిని మఱియొక విధమున చెప్పెను. గణకుడు పని నడుమ లేచిపోయి అంతయు మరచినను, ఎచ్చటనుండి ఎట్లు సాగింపవలెనో తెలుపు చీటి యొకటి వ్రాసి యుంచినచో చాలును. ఆ చీటియే మనఃస్థితికి బదులు. లెక్కలు వ్రాయువారికి ఇది నిత్యానుభవము. ప్రొద్దుగ్రుంకువేళ చిట్టా మూయుచు, ఇంతవరకు కూడిక యైనదనియు, ఫలాని రశీదు సరిచూడవలెననియు అంచున వ్రాసికొందుము. మఱునాడు మనకు జ్వరము వచ్చినను మఱియొకడు ఆ చీటి చూచి పని సాగించును. మనస్సులోని దానిలో కొంతభాగము ఈ విధముగా కాగితము మీదికి దిగగలదు. ఎంతభాగము దిగగలదను ప్రశ్న అప్పుడు పుట్టినది, నేటికిని ముగియలేదు. అదే వ్యాసమున ఆయన యంత్రమునకు హద్దును కూడ నిర్ణయించెను. గణితవాక్యములలో నేది సాధ్యమో ఏది కాదో అన్నిటికిని ఒకే యాంత్రిక పద్ధతిచే తేల్చుట అసంభవమని నిరూపించెను.

1939 సెప్టెంబరులో యుద్ధ మారంభమైన వెంటనే ఆయన బ్లెచ్లీ పార్కు అను రహస్యకార్యస్థానమున చేరెను. జర్మనులు ఎనిగ్మా యను యంత్రముచే తమ వార్తలను మార్చి పంపుచుండిరి. దానిని ఛేదించుమార్గము పోలండు గణితజ్ఞులు మొదట కనుగొనిరి. ట్యూరింగు మఱియొక పద్ధతితో బాంబ్ అను యంత్రమును రూపొందించెను; గోర్డను వెల్చ్‌మన్ దానిని మెఱుగుపఱచెను. 1940లో అది పనికి వచ్చెను. దాని నడక యిది. గూఢవార్తలో ఫలాని మాట యుండునని మనుష్యులు ముందుగా ఊహింతురు. శత్రువుల వాతావరణ వార్తలలో ఒకే తీరు మాటలు మరల మరల వచ్చుచుండుట అట్టి ఊహలకు ఆధారము. పిమ్మట ఫలాని అక్షరము ఫలాని అక్షరముతో జత కూడియున్నదని యంత్రమున నొక యనుకోలు పెట్టబడును. ఆ యనుకోలు వలన కలుగు ఫలితములన్నిటిని విద్యుత్తు క్షణములో వెదకును. పరస్పర విరోధము పుట్టిన, ఆ యనుకోలు త్రోసివేయబడును. విరోధము కానరానిచోట యంత్రము ఆగును. మనుష్యులు వచ్చి సరిచూతురు. మన నైయాయికులు తర్కమని పిలుచు పద్ధతియు నిట్టిదే: కాదనదలచిన దానినే ఔననుకొని, అందలి అసంగతిని చూపి త్రోసివేయుట. ఆ యంత్రము నమ్మినదని చెప్పజాలము. కాని అసత్యమును త్రోసివేయ నేర్చినది. నమ్మికలో సగము పని యదియే.

మిగిలిన సగము బరువు తూచుట. నౌకాదళపు వార్తలకై ట్యూరింగు మఱియొక ఉపాయము పన్నెను. ప్రతి చిన్న ఆధారమును ఒక ఊహకు ఎంత బలమిచ్చునో అంకెలలో కొలిచి, కూడుచు పోవుట. ఆ కొలతకు బాన్ అని పేరు. దానిలో పదవవంతు డెసిబాన్. మనుష్యుని నమ్మికలో గుర్తింపదగిన మిక్కిలి చిన్న మార్పు ఇంచుమించుగా ఒక డెసిబాన్ అని ఆయన యెన్నిక. ఇది వినుటకు వింతయేగాని పలాస జీడివ్యాపారులకు తెలియనిది కాదు. జీడిపిక్కల బస్తా కొనువాడు పిడికెడు పిక్కలు తీసి ఒక్కొక్కటే కోసి చూచును. మొదటి పిక్క బాగున్న, బస్తాయంతయు బాగున్నదని అనడు; పుచ్చినదైన, బస్తాను త్రోసివేయడు. కోసిన కొలది అతని నమ్మిక ఇటో అటో కొంచెము కొంచెము జరుగుచుండును. తుదకు ధర చెప్పును. నమ్మిక యనగా ఉన్నది లేనిది అను రెండు గడులు కాదు; అది త్రాసు. ఆ త్రాసునకు ట్యూరింగు రాళ్లు చేసెను.

యుద్ధానంతరమున ఆయన జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఒక గణకయంత్రమునకు సమగ్రమైన ప్రణాళిక వ్రాసెను. 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున చేరెను. 1950లో మైండ్ అను పత్రికలో యంత్రములు ఆలోచింపగలవా యని విచారించు వ్యాసమును ప్రకటించెను. ఆలోచన యనగా నేమియని శబ్దార్థములతో పెనగులాడక, ఆయన ఒక పరీక్షను ప్రతిపాదించెను. అడుగువా డొక గదిలో నుండును. వేఱుచోట్ల ఒక మనుష్యుడును, ఒక యంత్రమును ఉందురు. ప్రశ్నలును జవాబులును టైపు కాగితములపైననే నడచును. వీరిలో మనుష్యు డెవడో అడుగువాడు చెప్పజాలనిచో, ఆ యంత్రమునకు బుద్ధి లేదనుట కేమి ఆధారమున్నది?

భారతము చదివిన వారికి దమయంతీ స్వయంవరము జ్ఞప్తికి రాక మానదు. నలుగురు దేవతలు నలుని రూపమే ధరించి నలునితోపాటు కూర్చుండిరి. చెమట పట్టకుండుట, రెప్ప వాల్పకుండుట, పూదండ వాడకుండుట, పాదములు నేల తాకకుండుట అను గుర్తులచే ఆమె దేవతలను వేఱుచేసి నిజమైన నలుని వరించెను. ట్యూరింగు బుద్ధిపూర్వకముగా ఆ గుర్తులన్నిటికిని తెర కట్టెను. దేహమెట్టిదను ప్రశ్న విడిచి మాటలు మాత్రమే చూడుడనెను. ఇది న్యాయమా యని అప్పుడే పలువు రాక్షేపించిరి. మాంచెస్టరు శస్త్రవైద్యుడు జెఫర్సను, యంత్రము తాను స్వయముగా సుఖదుఃఖము లనుభవించి కవిత్వము చెప్పిననే గాని దానికి మనస్సున్నదని యొప్పుకొననెను. ట్యూరింగు సమాధాన మిది: ఆ లెక్కన ఎదుటి మనుష్యుడు ఆలోచించుచున్నాడని నిశ్చయముగా తెలియుటకు మనము ఆ మనుష్యుడే కావలెను. మనము ఒకరి లోపలికి ఒకరము పోజాలము. ఎదుటివానికి మనస్సున్నదని మర్యాదగా ఒప్పుకొని బ్రతుకుచున్నాము.

ఆ వ్యాసముననే ఆయన మఱియొక మార్గమును సూచించెను. పెద్దవాని మనస్సును ఒక్కసారిగా నిర్మింప బూనుట కంటె, శిశువువంటి యంత్రమును చేసి దానికి విద్య నేర్పుట మేలనెను. అట్టి శిష్యుని లోపల నేమి జరుగుచున్నదో గురువునకే చాలవఱకు తెలియకపోవచ్చునని కూడ హెచ్చరించెను. శతాబ్దాంతమునకు యంత్రములు ఆలోచించునని చెప్పిన ఎవ్వరును కాదనని కాలము వచ్చునని తన విశ్వాసమును తెలిపెను. అయితే దానికి తన యొద్ద గట్టి నిరూపణ లేదనియు స్పష్టముగ చెప్పెను. నమ్మికను నమ్మికగానే చెప్పి, రుజువుగా చెలామణీ చేయకుండుట పెద్ద గుణము. చిట్టాలో రావలసిన సొమ్మును వచ్చిన సొమ్ముగా వ్రాయనివాడే నిజమైన గణకుడు.

ఇక దుఃఖకరమైన భాగము. 1952లో తన యింట దొంగతనము జరిగినదని ఆయనయే పోలీసులకు తెలిపెను. విచారణలో ఆయనకు ఒక పురుషునితో సంబంధమున్న సంగతి బయలుపడినది. ఆయన దాచలేదు. 1885 నాటి చట్టమును బట్టి అది నేరము. కారాగారమా, దేహస్వభావమును మార్చు మందులా యని న్యాయస్థానము అడుగగా ఆయన మందులకు ఒప్పుకొనెను. రహస్యకార్యములకు అర్హత పోయెను. యుద్ధమున ఆయన దేశమునకు చేసిన మేలు అప్పటికి లోకమునకు తెలియదు. 1954 జూను 7వ తేదీన, నలువదిరెండేండ్లు నిండకమునుపే, సయనైడు విషముచే మరణించెను. ఆత్మహత్యయని విచారణాధికారి నిర్ణయము. రసాయన ప్రయోగములలో అజాగ్రత్త వలన కలిగిన మృత్యువని తల్లి నమ్మిక. ఆ నమ్మికను విడువకయే 1959లో కుమారుని చరిత్రమును ప్రకటించెను. ఉన్న ఆధారములు ఇద్దఱికిని అవియే. కాని తల్లి త్రాసులో కుమారుని బాల్యమంతయు నున్నది. అధికారి త్రాసులో ఆ గదిలోని వస్తువులు మాత్రమే యున్నవి.

ఆ చట్టము ఇంగ్లండున 1967లో సడలింపబడెను. 2009లో ఆ దేశ ప్రధానమంత్రి ప్రభుత్వపక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాజక్షమ లభించెను. 2021 జూను 23వ తేదీన, ఆయన జన్మదినముననే, ఆయన చిత్రముతో ఏబది పౌన్ల నోటు వెలువడెను. మన దేశమున నట్టి శాసనము 2018 సెప్టెంబరు 6వ తేదీ సుప్రీంకోర్టు తీర్పుచే తొలగినది. పద్దు దిద్దబడెను గాని ప్రాణము తిరిగి రాలేదు. పుస్తకమున నున్నదని మాత్రమే నడచి, ఆ యున్నది న్యాయమా యని మరల తూచకుండుట వలన కలుగు నష్టమిది. మనుష్యులు కూడ ఒక్కొక్కప్పుడు నమ్మువారుగా గాక ఉత్త చిట్టాలుగా మెలగుదురు.

ఈ చరిత్రము చదివి, మొదటి ప్రశ్నకు నాకు తోచిన సమాధానము చెప్పెదను. పద్దు నమ్మిక యగుటకు మూడు వలయును. మొదటిది, దానిని బట్టి నడచుట. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. దాని మార్గమును గణకయంత్రముల సాయముననే శాస్త్రజ్ఞులు ముందుగా లెక్కించిరి. ఆ హెచ్చరిక విని గట్టి కప్పు క్రిందికి చేరినవాడు నమ్మినవాడు. విని తల యూపి గుడిసెలోనే యున్నవాడు విన్నవాడు మాత్రమే. రెండవది, ఎదురు ఆధారము వచ్చినప్పుడు త్రాసు కదలుట. మూడవది, తప్పైనచో తాను జవాబుదారి యగుట. కొట్టివేసిన పద్దు ప్రక్క చేవ్రాలు చేయుట.

నేడు తెలుగున అడిగిన తెలుగుననే బదులు చెప్పు యంత్రములు మన ఫోనులలోనికి వచ్చినవి. అవి ట్యూరింగు చెప్పిన శిశువు వలె అపారమైన వ్రాతలు చూపి నేర్పబడినవి. లోపల నేమి జరుగుచున్నదో చేసినవారికే పూర్తిగా తెలియక, అందు ఏ సంగతి ఎచ్చట నిలిచియున్నదో శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ఎదురు మాట చెప్పిన తమ మాట దిద్దుకొనును. కావున వానిని ఉత్త చిట్టాలని త్రోసివేయుట తగదు; మొదటి రెండు గుణముల జాడలు వానిలో కనబడుచున్నవి. కాని నిజమును, నిజము కానిదానిని ఒకే ధైర్యముతో చెప్పుచుండుటయు కలదు. మూడవ గుణము వానికి లేదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధితో బాధపడు రోగి, ఏ మందు మానవచ్చునని ఫోను నడిగి, అది చెప్పినట్లు చేసిన, ఆ ఫలము అనుభవించువాడు రోగియే గాని యంత్రము కాదు. ద్రోణాచార్యుడు అస్త్రసన్యాసము చేసినది వార్త వినికాదు. పలుకువాడు ధర్మరాజని నమ్మి. ఎవరి మాటకు ఎంత బరువో తూచుటలో పొరపాటు పడిన, ఎంతటి వీరునికైనను తప్పదు. యంత్రమునకు నమ్మిక కలదో లేదో పండితులు తేల్తురు గాక. దాని మాటను నమ్ముటయో మానుటయో మన పని, దానికి జవాబుదారులమును మనమే.

గ్రంథాలయమున వేల పుటలున్నవి. అవి పరస్పరము విరోధించినను బీరువాలో ప్రక్కప్రక్కన కలహము లేక కూర్చుండును. నమ్ముట వాని పని కాదు గనుక. చదువరి వచ్చి, రెంటిని విప్పి, తూచి, ఒకదానిని స్వీకరించినప్పుడే నమ్మిక పుట్టును. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్న సేవ యిదియే. ట్యూరింగు మహాశయుని చరిత్రము చదివిన మన బాలబాలికలు పుస్తకమున నున్నదని గాని, ఫోను చెప్పినదని గాని ఊరకుండక, ఆధారమడుగు అలవాటును నేర్తురు గాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును కూడ జరుపుకొని చిరకాలము వర్ధిల్లుగాక.